వెండి ఓడలో మా పెదతాత లేడు

2012లో పేపర్లో ఒక వార్త వచ్చింది. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్ సబ్‌మెరైన్ ముంచేసిన గైర్‌సొప్పా అనే సరుకుల ఓడలోంచి టన్నుల కొద్దీ వెండి కడ్డీలు పైకి తీశారట. ఆ ఓడ బయల్దేరింది కలకత్తా నుంచి. అందులో పనిచేసినవాళ్ళు చాలావరకు మన దేశంవాళ్ళే. మా చిన్నాన్న ఆ ముక్క కత్తిరించి పర్సులో పెట్టుకున్నాడు. అప్పట్నుంచి ఇంట్లో పెళ్ళయినా పేరంటమైనా, నలుగురు కూర్చుంటే చాలు, ఇదే మాట. "పెదనాన్న పోయింది ఆ ఓడలోనేరా. వెండి దొరికింది కదా, పోయినోళ్ళ కుటుంబాలకి వాటా ఉంటాది. చదువుకున్నోడివి, ఒక అర్జీ రాసి పడెయ్యి."

వాటా మీద నాకు ఆశ లేదు. కానీ పెదతాత, అంటే మా తాత అన్న, ఏ ఓడలో పోయాడన్నది మాత్రం తేల్చాలనిపించేది. ఇంట్లో ఆయన గురించి తెలిసింది చాలా తక్కువ. భీమిలి దగ్గర పల్లె మాది. 1930లలో వాల్తేరులో రైలెక్కి కలకత్తా పోయాడు. ఖిదిర్‌పూర్ డాకులో కళాసీగా చేరాడు, అక్కణ్ణుంచి ఓడల్లో బొగ్గు పనికి ఎక్కాడు. యుద్ధంలో తిరిగి రాలేదు. కంపెనీ నుంచి ఏదో కాగితం వచ్చిందట, అది చెదలపాలైంది. "జర్మనీవాడు ముంచేశాడు" అని పెదమామ్మ అనేది. ఓడ పేరు ఆవిడకీ తెలియదు.

ముందు వాటా సంగతి తేల్చేస్తే మంచిదనుకుని గైర్‌సొప్పా గురించే చదవడం మొదలుపెట్టాను. వాటా లేదని తేలడానికి ఎక్కువసేపు పట్టలేదు. యుద్ధకాలంలో ఆ వెండికి బ్రిటిష్ ప్రభుత్వమే బీమా ఇచ్చింది, కాబట్టి ఓడ మునిగాక వెండి హక్కు ప్రభుత్వానిదే. దాన్ని వెతికి తీసేందుకు ఒడిస్సీ మెరైన్ అనే అమెరికన్ కంపెనీతో ఒప్పందం చేసుకుంది. ఖర్చులు పోగా 80 శాతం కంపెనీకి, మిగతాది ప్రభుత్వానికి. 2011లో ఓడ శిథిలాలు దొరికాయి, దాదాపు 4,700 మీటర్ల లోతులో. 2012లోనూ 2013లోనూ కలిపి 2,792 కడ్డీలు తీశారు. ఆ వెండితో బ్రిటన్ టంకశాల నాణేలు కూడా వేసింది. ఓడ మనుషుల కుటుంబాల ప్రస్తావన ఆ లెక్కల్లో ఎక్కడా లేదు. చిన్నాన్నకి చెబితే, "అడక్కపోతే ఎవడిస్తాడు?" అన్నాడు.

ఓడ మునిగిన కథ మాత్రం ఒకసారి చదవడం మొదలుపెడితే ఆపలేం. గైర్‌సొప్పా బ్రిటిష్ ఇండియా కంపెనీది, 1919లో కట్టిన పాత ఓడ. పేరు మన పక్క రాష్ట్రంలోని జోగ్ జలపాతం పాత పేరే. 1940 డిసెంబరులో టీ, దుక్క ఇనుము, వెండి వేసుకుని కలకత్తా వదిలింది. ఆఫ్రికా చుట్టూ తిరిగి, పడమటి తీరాన ఫ్రీటౌన్‌లో ఎస్‌ఎల్ 64 అనే కాన్వాయ్‌లో కలిసింది. కాన్వాయ్ అంటే ఓడలన్నీ గుంపుగా, కాపలాతో వెళ్ళడం. గుంపులో ఉన్నంతసేపు ఎంతో కొంత భద్రత. కానీ నడక తగ్గిన ఓడ గుంపును అందుకోలేదు. అట్లాంటిక్‌లో గాలివాన పట్టుకుంది, బొగ్గు అయిపోవస్తోంది. ఇంగ్లండుదాకా చేరలేమని కెప్టెన్ 1941 ఫిబ్రవరి మధ్యలో కాన్వాయ్ వదిలి ఐర్లండులోని గాల్వే రేవు వైపు తిప్పాడు. ఫిబ్రవరి 16 పొద్దున జర్మన్ విమానం ఒకటి వచ్చి ఓడ చుట్టూ తిరిగి పోయింది. ఆ రాత్రి యు-101 అనే సబ్‌మెరైన్ టార్పెడో వదిలింది. ఇరవై నిమిషాలు గడిచేసరికి ఓడ లేదు.

ఇక్కడ నేను చాలాసేపు ఆగిపోయాను. ఎందుకంటే పెదతాత పని బొగ్గు గదిలో. అప్పటి ఆవిరి ఓడల్లో ఫైర్‌మన్ కొలిమిలో బొగ్గు ఎగదోస్తే, ట్రిమ్మర్ అనేవాడు బంకరు, అంటే బొగ్గు కొట్టు నుంచి ఆ బొగ్గు తవ్వి తోపుడుబండిలో తెచ్చి అతని కాళ్ళ దగ్గర పోయాలి. నాలుగు గంటలు పని, ఎనిమిది గంటలు విరామం, మళ్ళీ నాలుగు గంటలు. ఉన్నది నీటిమట్టానికి కింద. టార్పెడో తగిలేది కూడా అక్కడే. డెక్కు మీద ఉన్నవాడికి పడవ దాకా పరిగెత్తే అవకాశమైనా ఉంటుంది. కింద డ్యూటీలో ఉన్నవాడు చీకట్లో, ఆవిరి పైపులు పగిలే చోట ఇనుప నిచ్చెనలు ఎక్కి రావాలి. జీతం చూస్తే అదే ఓడలో అదే పని చేసే తెల్లవాడికి వచ్చేదాంట్లో నాలుగో వంతో ఐదో వంతో. 1939లో యుద్ధం మొదలవగానే భారతీయ నావికులు ఇంగ్లండు రేవుల్లో సమ్మె కట్టి కొంత పెంపు సాధించారు. చాలామంది జైలుకి కూడా పోయారు. ఇది మన స్కూలు పుస్తకాల్లో ఎక్కడా చదివిన గుర్తు లేదు నాకు.

గైర్‌సొప్పా నుంచి ఒక్క పడవే సరిగ్గా బయటపడింది. సెకండ్ ఆఫీసర్ రిచర్డ్ అయర్స్ దానికి పెద్ద. అందులో 31 మంది ఎక్కారు, వాళ్ళలో ఎక్కువమంది మనవాళ్ళు. ఫిబ్రవరి అట్లాంటిక్ చలి, ఒంటి మీద పల్చటి బట్టలు, కొలిచి పోసే నీళ్ళు. రోజుకి కొందరు చొప్పున పోయారు. 13 రోజుల తర్వాత, మార్చి 1న, ఇంగ్లండు నైరుతి మూల కార్న్‌వాల్‌లో లిజార్డ్ అనే చోట ఒడ్డు కనిపించేసరికి కొద్దిమందే మిగిలారు. కనిపించిన ఒడ్డు దగ్గరే అలలు పడవను తిరగేశాయి. మొత్తం ఓడలో బతికి ఒడ్డెక్కినవాడు అయర్స్ ఒక్కడే. ఆయన తర్వాత అధికారులకి చెప్పిన వివరాల వల్లే ఇవన్నీ మనకి తెలిశాయి.

వెండితోపాటు ఆ ఓడలోంచి ఏడు వందల పైగా ఉత్తరాలు కూడా దొరికాయి. సంచుల్లో బిగించి ఉండడం, వెలుతురూ గాలీ తగలకపోవడం వల్ల డెబ్భై ఏళ్ళు నీళ్ళలో ఉన్నా అక్షరాలు చెడలేదు. 2018లో లండన్ పోస్టల్ మ్యూజియంలో వాటిని ప్రదర్శనకు పెట్టారు. క్రిస్మస్ శుభాకాంక్షలు, వ్యాపారం లెక్కలు, ప్రేమ కబుర్లు, అన్నీ ఉన్నాయి. ఇండియాలో ఉన్న దొరలు, సైనికులు, పాదరీలు తమ ఇళ్ళకి రాసుకున్నవి. కింద బొగ్గు తవ్వినవాళ్ళు రాసినవి అందులో ఉండవు. వాళ్ళ ఇళ్ళు ఓడ వెళ్ళే దిక్కున లేవు కదా.

సరే, పెదతాత ఆ ఓడలో ఉన్నాడా? దీనికి మొదటి చోటు కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ వెబ్‌సైట్. రెండు ప్రపంచ యుద్ధాల్లో పోయిన కామన్వెల్త్ సైనికుల, నావికుల జాబితా మొత్తం అందులో ఉంది, డబ్బు కట్టాల్సిన పని లేదు. లండన్‌లో టవర్ హిల్ దగ్గర వ్యాపార నౌకల వాళ్ళకి పెద్ద స్మారకం ఉంది, రెండో యుద్ధం పేర్లే దాదాపు 24 వేలు కంచు పలకల మీద చెక్కారు. మనవాళ్ళ పేర్లు అక్కడ వెతకొద్దు, ఉండవు. భారతీయ నావికులకి వేరేగా బొంబాయి, చిట్టగాంగ్ స్మారకాలని పెట్టారు. అవి రాతి మీద చెక్కిన పేర్లు కావు, పుస్తకాలు. ఒక ప్రతి ముంబైలోని నావికుల వసతి గృహంలో, ఇంకొకటి చిట్టగాంగ్ యుద్ధ శ్మశానంలో ఉన్నాయి. అందులో ఉన్నవి ఆరు వేల పైచిలుకు పేర్లు.

వెబ్‌సైట్లో ఓడ పేరు కొడితే గైర్‌సొప్పా మనుషుల జాబితా వచ్చింది. పెదతాత పేరు లేదు. చిన్నాన్న ఒప్పుకోలేదు. "ఇంగ్లీషోడు మన పేరు సరిగ్గా రాస్తాడా?" అన్నాడు. ఆ మాటలో న్యాయం ఉంది. అందుకే పేరు మీద ఆధారపడకుండా తేదీ పట్టుకుందామనుకున్నాను. యుద్ధంలో పోయినవాళ్ళ కోసం వెతికేవాళ్ళకి నేను చెప్పేది కూడా ఇదే. పేర్లు మారిపోతాయి, కుటుంబ కథలు పెరిగిపోతాయి. ఆ మనిషి ఫలానా రోజున బతికే ఉన్నాడని చెప్పే కాగితం ఒక్కటి దొరికితే వెతకాల్సిన చోటు సగానికి సగం తగ్గిపోతుంది.

ఆ కాగితం మా పెద్దత్త ఇంట్లో దొరికింది. పెదమామ్మ ట్రంకు పెట్టె ఆవిడ దగ్గరే ఉంది. పట్టాలు, పన్ను రసీదులు, ఎవరివో జాతకాలు, వాటి మధ్య ఒక మనియార్డరు కూపను. పంపినవాడి పేరు పెదతాతదే. కలకత్తా ముద్ర, 1941 ఆగస్టు. వెనక తెలుగులో, ఎవరిచేతో రాయించిన రెండు ముక్కలు: క్షేమం, తమ్ముణ్ణి బడి మాన్పించవద్దు. ఆ తమ్ముడు మా తాత. ఫిబ్రవరిలో మునిగిన ఓడలో ఉన్న మనిషి ఆగస్టులో డబ్బు పంపలేడు.

ఫోన్లో చిన్నాన్నకి చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఎవడో స్నేహితుడు పంపుంటాడ్రా" అన్నాడు. స్నేహితుడైతే తమ్ముడి బడి సంగతి ఎందుకు రాస్తాడని అడిగితే ఫోన్ పిన్నికి ఇచ్చేశాడు.

అప్పుడు అసలు పని మొదలైంది. వార్ గ్రేవ్స్ సైటులో వెతికిన ఫలితాలని ఫైలుగా దించుకోవచ్చు. బొంబాయి, చిట్టగాంగ్ స్మారకాల పేర్లన్నీ ఎక్సెల్‌లోకి తెచ్చుకుని 1941 ఆగస్టుకి ముందువి తీసేశాను. కొందరి పేరు పక్కన అదనపు వివరం ఉంటుంది: తండ్రి పేరు, ఊరు, జిల్లా. చాలామందికి అది కూడా ఖాళీ. ఉన్నవాటిలో సిల్హెట్, నోవాఖలి, చిట్టగాంగ్, రత్నగిరి, గోవా ఇవే ఎక్కువ. మన వైపువాళ్ళని పట్టుకోవాలంటే అప్పటి స్పెల్లింగులు తెలియాలి. విశాఖపట్నం అని కొడితే ఏమీ రాదు. వైజగపటం, బిమ్లిపటం, చికకోల్, వైజియానగ్రం, ఇలా కొట్టాలి. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలు అప్పటికింకా లేవు, అంతా ఒకే జిల్లా, పక్కన మద్రాస్ అని ఉంటుంది. ఆఫీసు నుంచి వచ్చి రాత్రిపూట ఒక్కో వరస చూసుకుంటూ పోయేవాణ్ణి. మా ఆవిడ మొదట్లో విసుక్కుంది, తర్వాత తనే పక్కన కూర్చుని పేర్లు పైకి చదవడం మొదలుపెట్టింది. పైకి చదవడం మంచి పద్ధతి. కంటికి అర్థంకాని స్పెల్లింగు చెవికి అర్థమవుతుంది.

దొరికింది కూడా అలాగే. తను చదువుతుంటే ఊరి పేరు మా ఊరిలా వినిపించింది. రెండు అక్షరాలు అటూ ఇటూ అయ్యాయి, అంతే. తండ్రి పేరు సరిపోయింది. ఆయన పేరు మన వైపు ఊరికి పదిమందికి ఉండేదే, ఇంటిపేరు లేదు. ఉద్యోగం కోల్ ట్రిమ్మర్. ఓడ పేరు గోగ్రా. తేదీ 1943 ఏప్రిల్ 2.

గోగ్రా కూడా బ్రిటిష్ ఇండియా కంపెనీ ఓడే, ఘాఘరా నది పేరు పెట్టారు. ఓఎస్ 45 అనే కాన్వాయ్‌లో ఉంది. ఈ ఓఎస్ కాన్వాయ్‌లు ఇంగ్లండు నుంచి దక్షిణంగా ఫ్రీటౌన్ వైపు వెళ్ళేవి. పోర్చుగల్‌కి పడమటగా ఉండగా యు-124 అనే సబ్‌మెరైన్ దాడి చేసింది. దాని కమాండర్ యోహెన్ మోర్, అప్పటికే ఎన్నో ఓడల్ని ముంచినవాడు. ఆ ఏప్రిల్ 2న అదే కంపెనీకి చెందిన కాతా, గోగ్రా రెండూ పోయాయి. కాతాలో చాలామంది బతికారు. గోగ్రాలో బతికింది పదిమంది లోపే, 80 మందికి పైగా పోయారు. కాపలాగా ఉన్న బ్లాక్ స్వాన్, స్టోన్‌క్రాప్ అనే యుద్ధనౌకలు ఆ సబ్‌మెరైన్‌ని వెంటాడి, నీటి లోతుల్లో పేలే డెప్త్ చార్జ్ బాంబులతో ముంచేశాయి. అందులో ఉన్న 53 మందిలో ఒక్కడూ మిగల్లేదు. పెదతాతను చంపినవాళ్ళు కూడా అదే నీళ్ళలో, దాదాపు అదే సమయానికి పోయారని చదివినప్పుడు నాకు సంతోషం వేయలేదు, బాధా వేయలేదు. కాసేపు ఊరికే కూర్చున్నాను.

ఒక్క జాబితాతో ఇంట్లోవాళ్ళు నమ్మరని ఇంకో ఆధారం కోసం చూశాను. లండన్ శివార్లలో క్యూ అనే చోట బ్రిటన్ జాతీయ ఆర్కైవ్స్ ఉంది. వ్యాపార ఓడల కదలికల కార్డులు బీటీ 389 అనే వరసలో ఉంటాయి, వాటిని ఇంట్లో కూర్చునే దించుకోవచ్చు. గోగ్రా కార్డులో ఓ రేవు తర్వాత ఇంకో రేవు, తేదీలు, చివర్లో టార్పెడో మాట. సిబ్బంది జాబితాలు బీటీ 381లో ఉంటాయి, ఇవి మాత్రం పెట్టెల్లో కాగితాలే. ఓడ పేరుతో కాదు, ఓడ అధికారిక నంబరుతో అడగాలి. ఆ నంబరు ఓడల వివరాలుండే పాత లాయిడ్స్ రిజిస్టరులో దొరుకుతుంది. మా మేనకోడలు అక్కడే చదువుకుంటోంది, తను వెళ్ళింది. రీడర్స్ టికెట్ తీసుకోవాలి, సంచీ లాకరులో పెట్టాలి, లోపలికి పెన్సిలే తప్ప పెన్ను తీసుకెళ్ళకూడదు. ఫొటోలు మాత్రం ఉచితంగా తీసుకోనిస్తారు. ప్రాణాలతో మిగిలిన అధికారుల వాంగ్మూలాలు కావాలంటే ఏడీఎమ్ 199 వరసలో చూడాలి, అదీ అక్కడే.

తను పంపిన ఫొటోల్లో మనవాళ్ళ పట్టీ వేరేగా ఉంది. ముందు సరంగు, అంటే వాళ్ళ పెద్ద, తర్వాత అతని కింది టిండాల్, ఆయిల్‌మన్లు, ఫైర్‌మన్లు, ట్రిమ్మర్లు, చివర వంటచేసే భండారీ, ఊడ్చే టోపాస్. అందులో ఆయన పేరు, తండ్రి పేరు, ఊరు ఉన్నాయి. ఊరి పేరు వార్ గ్రేవ్స్ జాబితా కంటే ఇక్కడే సరిగ్గా ఉంది. నెల జీతం రాసి ఉంది. డబ్బు పంపాల్సిన మనిషి కింద పెదమామ్మ పేరు ఉంది. ఇంక ఎవరూ మాట్లాడ్డానికి లేకపోయింది. చిన్నాన్న ఆ ఫొటో ప్రింటు అడిగి తీసుకున్నాడు, పర్సులో పేపరు ముక్క మాత్రం తీసేయలేదు.

ఆ మధ్య ఆఫీసు పని మీద ముంబై వెళ్ళినప్పుడు మస్జిద్ బందర్ దగ్గరి నావికుల వసతి గృహానికి వెళ్ళాను. మొదటి యుద్ధంలో పోయినవాళ్ళ పేర్లు గోడ మీద ఉన్నాయి. రెండో యుద్ధం పుస్తకం చూస్తానంటే అక్కడి పెద్దాయన బీరువా తాళం వెతికి తీసి ఇచ్చాడు, పక్కన నిలబడి "ఏ ఓడ?" అని అడిగాడు. చెప్పాను. ఆయన ఆ పేరు వినలేదు. టైటానిక్ గురించి అడగడానికి కూడా జనం వస్తారని నవ్వాడు.

జాబితాలో ఊరి పేరు సరిచేయమని వార్ గ్రేవ్స్ కమిషన్‌కి రాసుకోవచ్చు, సైటులోనే ఫారం ఉంది. అప్పటి కాలపు ఆధారాలు జతచేయాలి. సిబ్బంది పట్టీ ఫొటో, మనియార్డరు కూపను స్కాన్ చేసి పంపాను. ఇంటిపేరు కూడా చేర్చమని అడగాలని మా నాన్న పట్టుబట్టారు. కానీ ఆయన ఓడ ఎక్కినప్పుడు చెప్పుకోని ఇంటిపేరు ఇప్పుడు మనం చేర్చడమెందుకని నేను రాయలేదు. దాని మీద ఇంట్లో ఇంకా వాదన ఉంది.

అన్నిటికంటే పెద్ద చర్చ తద్దినం మీద జరిగింది. పోయిన తిథి తెలియదు కాబట్టి ఇన్నేళ్ళూ మహాలయ అమావాస్య నాడే పెట్టేవాళ్ళం. ఇప్పుడు తేదీ తెలిసింది కదా, తిథి చూడమని పంతులుగారి దగ్గరికి వెళ్ళాం. ఆయన చిత్రభాను సంవత్సరం లెక్కలు తీసి, ఫాల్గుణ బహుళం, ఇంకో రెండు మూడు రోజుల్లో స్వభాను ఉగాది అన్నారు. చిక్కేమిటంటే దాడి రాత్రిపూట జరిగింది, అక్కడ రాత్రి అయితే మనకి తెల్లవారుజాము. గంట అటయితే త్రయోదశి, ఇటయితే చతుర్దశి. సరిగ్గా ఎన్ని గంటలకి మునిగిందని ఆయన నన్ను అడిగారు. నిమిషాలతో సహా చెప్పలేనన్నాను.

కాసేపు ఆలోచించి, ఏటా పెట్టేది త్రయోదశికి పెట్టమన్నారు. మహాలయ పక్షంలో మాత్రం అమావాస్య వద్దు, శస్త్రం వల్ల పోయినవాళ్ళకి చతుర్దశి అని శాస్త్రంలో వేరే ఉందన్నారు. చిన్నాన్నకి అనుమానం వచ్చింది. "టార్పెడో శస్త్రం కిందికి వస్తాదా అండీ?" అని అడిగాడు. పంతులుగారు పంచాంగం మూసి, "మరి పూలదండ కిందికి వస్తుందా?" అన్నారు. ఈ ఏడు చతుర్దశికే పెడుతున్నాం.